పొట్ట ఉబ్బిన వ్యాగన్

నా మోడల్ రైల్వేలో, అంటే బల్ల మీద నడిపే చిన్న రైళ్లలో, రెండేళ్లు బుద్ధిగా నడిచిన గూడ్స్ పెట్టె ఒకటి ఉన్నట్టుండి పట్టాలు తప్పడం మొదలుపెట్టింది. తప్పిన ప్రతిసారీ ఒకే పాయింటు దగ్గర, అంటే లైను రెండుగా చీలే చోట. ఆ పెట్టెను ప్లాస్టిక్ షీట్ కోసి కట్టింది నేనే. ఆ పాయింటు చుట్టూ పది రోజుల ముందు కంకర పరిచిందీ నేనే. కాబట్టి ముద్దాయి ఎవరన్న గొడవ లేదు, నేను చేసిన రెండు పనుల్లో తప్పు ఏ పనిదన్నదే తేలాలి. అది తేలడానికి నెలన్నర పట్టింది. ఈలోగా ఏ పాపం ఎరగని కంకరను తవ్విపోశాను.

పెట్టె కట్టిన తీరు

స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87. 'ఓ' (O) అనే పెద్ద మోడల్ స్కేలులో సగం (హాఫ్ ఓ) కాబట్టి ఆ పేరు వచ్చింది. 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, ఇందులో 16.5 మి.మీ. అవుతుంది, మనిషి రెండు సెంటీమీటర్లు ఉంటాడు. నేను ఎంచుకున్నది నాలుగు చక్రాల మూత పెట్టె, నిలువు చెక్కల గోడలది. పొడవు 100 మి.మీ., వెడల్పు 31, రెండు ఇరుసుల మధ్య 57. మొదటిసారి సొంతంగా కట్టేవాళ్లకి ఇలాంటి పెట్టే మంచిదని ఇప్పటికీ అంటాను. బోగీలు (పెట్టె కింద విడిగా తిరిగే చక్రాల చట్రాలు) లేవు, లోపల ఏమీ చూపించక్కర్లేదు, గోడలన్నీ తిన్నని గీతలు.

గోడలకి 0.5 మి.మీ. షీట్లు రెండు కలిపి అతికించాను. పై షీటు మీద చెక్కల మధ్య సందులు గీయాలి. అసలు చెక్క పదిహేడు పద్దెనిమిది సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే మనకి 2 మి.మీ.కి ఒక గీత వస్తుంది. కట్టర్ పదును వైపుతో గీస్తే సందు రెండు పక్కలా అంచు లేస్తుంది, అందుకని బ్లేడు వీపుతో గీశాను, ఒక్కో గీత మూడు సార్లు, ఒత్తకుండా. చెక్క మీద నార కూడా చూపించాలని కొందరు వైర్ బ్రష్షుతో గీకుతారు. నాకు అది నచ్చదు. 87 రెట్లు దూరం నుంచి చూస్తున్నట్టు లెక్క, అంత దూరం నుంచి చెక్క నార ఎవరికి కనిపిస్తుంది? ఏదో ఒక చెక్క విరిగి కొత్తది వేసినట్టు కొంచెం లేత రంగు కొడితే చాలు, చూసేవాడి కన్ను మిగతాది తనే పూరించుకుంటుంది.

రివెట్లు మాత్రం వదల్లేదు. అసలు రివెట్ తల మూడు సెంటీమీటర్లు అనుకుంటే ఇక్కడ మిల్లీమీటరులో మూడో వంతు. 0.25 మి.మీ. షీట్ పట్టీల మీద వెనక నుంచి మొద్దు సూదితో ఒక్కొక్కటి ఒత్తితే ముందు వైపు చిన్న బొడిపె లేస్తుంది. కింద మెత్తని రబ్బరు షీటు ఉండాలి, గట్టి బల్ల మీద అయితే బొడిపె లేవదు, సూది దిగబడి చిల్లు పడుతుంది. గ్రాఫ్ కాగితం అతికించుకుని ఒత్తినా నాలుగైదు రివెట్లు వరస తప్పాయి. వరస తప్పిన రివెట్ అద్దం ముక్కలో ఎండ పడ్డట్టు కనిపిస్తుంది. ఆ పట్టీ పారేసి ఇంకోటి చేయడమే మంచిది, సరిదిద్దబోతే ఇంకా పాడవుతుంది.

పట్టుకునే కడ్డీలు 0.3 మి.మీ. ఇత్తడి తీగ. అదే మందం డ్రిల్ బిట్టు చేత్తో తిప్పే పిన్ వైస్‌లో పెట్టి చిల్లులు వేయాలి. వేలితో నొక్కామా, బిట్టు విరిగిందే. వైస్ బరువే చాలు, వేళ్లు తిప్పడానికి మాత్రమే.

ఇప్పుడు అసలు సంగతి, బరువు. అంతా కట్టాక, లోహపు చక్రాలతో సహా, పెట్టె 24 గ్రాములు తూగింది. అంత తేలిక పెట్టె రైలు మధ్యలో ఉంటే వంపు దగ్గర ముందూ వెనకా లాగుడుకి లోపలి వైపు ఒరిగిపోతుంది. దీనికి అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ చెప్పిన లెక్క ఒకటుంది: హెచ్‌ఓలో ప్రతి పెట్టెకీ ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. గ్రాముల్లో 28, ఆపైన అంగుళానికి 14. నా పెట్టె నాలుగు అంగుళాలకి కాస్త తక్కువ కాబట్టి 84 గ్రాములు ఉండాలి. అంటే ఇంకా 60 కావాలి.

సీసపు గుళ్లు తెచ్చాను. పెట్టెకి రెండు అంతస్తుల నేల వేసి, మధ్యలో మూడున్నర మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఆ ఖాళీ నిండా 58 గ్రాముల గుళ్లు పోశాను. అవి గలగలమనకుండా పైన పీవీఏ తెల్ల జిగురు పోసి, రెండో నేలని మూతలా అతికించేశాను. పక్కల గోడలే ఆ గదికి గోడలు. గాలి దూరే సందు ఎక్కడా వదల్లేదు. బరువు చక్రాలకి దగ్గరగా, కిందకి వచ్చిందని, పైనుంచి చూస్తే ఖాళీ పెట్టెలాగే ఉందని ఆ రోజు ఎంత మురిసిపోయానో. ఈ పేరాలో చెప్పిన పనుల్లో మూడు తప్పులున్నాయి. ఒక్కటీ ఆ రోజు తప్పులా కనిపించలేదు.

రంగు

రంగు దగ్గర పెద్ద కథ లేదు. గిన్నెలు కడిగే సబ్బునీళ్లతో కడిగి, ఆరాక బూడిద రంగు ప్రైమర్, దాని మీద గోధుమ ఎరుపు. డబ్బాలో ఉన్న రంగు ఉన్నట్టే కొడితే చిన్న బొమ్మ మీద ముదురుగా కనిపిస్తుంది, కొంచెం తెలుపు కలిపి తేల్చాను.

అక్షరాల డికాల్స్ (సన్నని ఫిల్మ్ మీద అచ్చేసిన, అతికించే అక్షరాలు) దగ్గర ఒక దెబ్బ తిన్నాను. ప్రైమర్ మీదా రంగు మీదా మ్యాట్ ఫినిష్ ఉంది, దాని మీదే డికాల్ వేశాను. ఆరాక అక్షరాల చుట్టూ పారదర్శకమైన ఫిల్మ్ వెండిలా మెరిసింది. గరుకు పైన గాలి చిక్కుకుంటే ఇలా అవుతుంది. సూదితో పొడిచి సెట్టింగ్ సొల్యూషన్ (డికాల్‌ని మెత్తబరిచి అతుక్కునేలా చేసే ద్రవం) వేస్తే సగం పోయింది, సగం అలాగే ఉంది. అప్పటినుంచి వరస మార్చుకున్నాను: ముందు నున్నగా మెరిసే గ్లాసీ వార్నిష్, దాని మీద డికాల్, ఆ తర్వాత మ్యాట్ వార్నిష్, ఆ తర్వాతే మురికి పట్టించడం.

మురికి విషయంలో చాలామంది తుప్పు దగ్గర మొదలుపెట్టి తుప్పు దగ్గరే ఆగిపోతారు. నారింజ రంగు తుప్పు అంటే నిన్న మొన్న పట్టినది. ఏళ్ల తరబడి ఉన్న తుప్పు కాఫీ పొడి రంగులో, కొన్నిచోట్ల దాదాపు నల్లగా ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, పెట్టెకి మురికి రెండు దిక్కుల నుంచి వస్తుంది. కింద నుంచి చక్రాలు లేపే దుమ్ము, బ్రేకులు అరిగిన గోధుమ పొడి. పైనుంచి మసి, వాన నీళ్లు. మధ్యలో గోడ కొంచెం శుభ్రంగానే ఉంటుంది. ఆయిల్ పెయింట్ చుక్క ఒకటి రివెట్ కింద పెట్టి, థిన్నర్‌లో ముంచి తుడిచేసిన చదును బ్రష్షుతో కిందకి ఒక్కసారి లాగితే చార వస్తుంది. రెండోసారి లాగితే చార పోయి మరక మిగులుతుంది. ఆయిల్ పెయింట్ నిదానంగా ఆరుతుంది కాబట్టి నచ్చకపోతే తుడిచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎయిర్‌బ్రష్‌తో ఆ వెసులుబాటు ఉండదు, అందుకే నేను దాన్ని బేస్ రంగుకి తప్ప వాడను.

సైడింగ్

ఈ పెట్టె నిలబడడానికి 60 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు బోర్డు మీద ఒక సైడింగ్, అంటే పెట్టెలు నిలిపే పక్క లైను, వేశాను. ప్లైవుడ్ మీద ఫోమ్ షీటు, దాని మీద ట్రాక్. మెయిన్ లైన్ కింద మూడు మిల్లీమీటర్ల కార్క్ వేసి, సైడింగ్ కింద వేయలేదు. ఆ కాస్త పల్లం చాలు, ఏది ముఖ్యమైన లైనో, ఏది పక్క లైనో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఎత్తు ఒకేసారి దిగకుండా ముప్పై సెంటీమీటర్ల మేర ఏటవాలుగా తగ్గించాను.

కంకర సైజు చాలామంది పెద్దగా వేస్తారు. అసలు రాయి అయిదారు సెంటీమీటర్లు ఉంటే ఇక్కడ 0.6, 0.7 మి.మీ. ప్యాకెట్లలో వచ్చేది తరచూ దీనికి రెట్టింపు ఉంటుంది, ఆ లెక్కన అసలు ట్రాక్ మీద కొబ్బరికాయలంత రాళ్లు పోసినట్టు. సైడింగ్‌కైతే ఇంకా సన్నది, బూడిద కలిసినట్టుండేది కావాలి. బయటి మట్టినే జల్లించి వాడాను. దానికి రెండు పనులు తప్పకుండా చేయాలి. పురుగులూ తేమా పోవడానికి ఓవెన్‌లో వేడి చేయాలి. తర్వాత అయస్కాంతం పెట్టి రెండు మూడు సార్లు తిప్పాలి. మట్టిలో ఇనుప రేణువులుంటాయి, అవి ఇంజిన్ మోటారులోని అయస్కాంతానికి ఎగిరి అతుక్కుంటాయి. గుప్పెడు మట్టిలోంచి అయస్కాంతానికి పట్టుకున్న నల్ల మీసాలు చూస్తే ఆ పని ఇక ఎప్పుడూ మర్చిపోరు.

కంకర పొడిగా పరిచి, మెత్తని బ్రష్షుతో స్లీపర్ల మీద నుంచి తోసేశాక, జిగురు పోసే ముందు తడపాలి. ఉత్త నీళ్లు చల్లితే ముత్యాల్లా పైనే దొర్లుతాయి, కంకర కూడా వాటి మీద తేలిపోయి గుంటలు పడతాయి. నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేస్తే నీటి తలతన్యత తగ్గి లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత ఒక పాలు తెల్ల జిగురుకి మూడు పాళ్ల నీళ్లు కలిపి డ్రాపర్‌తో చుక్క చుక్కగా వేశాను. పాయింటు దగ్గర టంగ్ రైలు (దారి మార్చడానికి అటూ ఇటూ కదిలే మొనదేలిన పట్టా) కదిలే చోట ముందే ఒక చుక్క ఆయిల్ రాశాను, జిగురు అక్కడికి పాకినా పట్టుకోకుండా. ఆరడానికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు రైలు నడిపాను. ఆ రోజంతా బాగానే ఉంది. వారం తర్వాత పెట్టె పాయింటు దగ్గర పట్టాలు తప్పింది.

తప్పుడు అనుమానం

కొత్తగా చేసిన పని మీదే ముందు అనుమానం పడుతుంది. టంగ్ రైలుకీ పక్క రైలుకీ మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కితే చాలు, రైలు పూర్తిగా ఆనదు, ఆ సందులోకి చక్రం అంచు దూరి పెట్టె దిగిపోతుంది. పుస్తకంలో చెప్పినట్టే ఉంది కదా అనుకున్నాను. టూత్‌పిక్‌తో గీకాను, వాక్యూమ్ పెట్టాను. తగ్గలేదు. జిగురు వల్ల టంగ్ రైలు కొస పైకి లేచిందేమోనని పాయింటు చుట్టూ పది సెంటీమీటర్ల మేర కంకరంతా తడిపి తవ్వేశాను. అక్కడ నాటిన గడ్డి కూడా పోయింది. మళ్లీ నడిపాను. ఇరవై సార్లలో ఆరుసార్లు తప్పింది.

ఈ దశలో నేను అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది, దాన్ని రెండు వారాలు అడగలేదు: మిగతా పదకొండు పెట్టెలు అదే పాయింటు మీద ఎందుకు తప్పడం లేదు? అడగకపోవడానికి కారణం ఉంది. ఈ పెట్టె నా చేతుల్లో కట్టిన మొదటిది, దాని మీద కోపం రాదు. కొన్న పెట్టె అయ్యుంటే మొదటి రోజే తిప్పి చూసేవాణ్ణి.

చివరికి తిప్పి చూశాను. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం హెచ్‌ఓలో 14.4 మి.మీ. దగ్గర ఉండాలి. రెండు ఇరుసులూ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఇరుసు పక్కకి కదులుతోంది. సూది మొనల ఇరుసులు ఇత్తడి బేరింగుల్లో దాదాపు ఆడకుండా కూర్చోవాలి. ఇక్కడ అర మిల్లీమీటరు ఆడుతోంది. అంటే బేరింగులున్న కాళ్లు రెండూ ఎడంగా జరిగాయి.

అప్పుడు అద్దం ముక్క తెచ్చాను. కిటికీ అద్దం కన్నా చదునైనది ఇంట్లో దొరకదు. పెట్టెని దాని మీద నిలబెట్టి, మామూలు రాత కాగితం నుంచి సన్నని పట్టీ కోసి ఒక్కో చక్రం కిందా దూర్చి చూశాను. ఆ కాగితం మందం 0.1 మి.మీ. మూడు చక్రాల కింద పట్టీ బిగుసుకుంది, లాగితే పెట్టే కదిలింది. నాలుగో చక్రం కింద పట్టీ హాయిగా జారింది. రెండు మడిచాను, జారింది. మూడు మడతలకి అందీ అందనట్టు తగిలింది. అంటే చక్రం 0.3 మి.మీ. గాల్లో ఉంది. ఈ చక్రాల అంచు లోతే 0.64 మి.మీ. అందులో సగం ముందే పోయింది. పాయింటు మీద వంపు తిరిగేటప్పుడు ఆ చక్రం టంగ్ రైలు మొన ఎక్కక ఏం చేస్తుంది?

స్టీలు స్కేలు తిప్పి పెట్టె అడుగున ఆనించాను. మధ్యలో స్కేలు అడుగుకి తాకి, రెండు కొసల దగ్గర వెలుతురు కనిపించింది. నేల కిందకి ఉబ్బింది. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం)తో కొలిస్తే పెట్టె వెడల్పు కొసల్లో 31.0, మధ్యలో కింది అంచు దగ్గర 32.3. అద్దం మీద పెట్టి చూసేదాకా నా కంటికి కనిపించలేదు. ఆయిల్ పెయింట్ చారలు అంత బాగా కప్పేశాయి.

లోపల

రేజర్ రంపంతో నేల కోసి తెరిచాను. పక్కన కూర్చున్న మా అమ్మాయి ముక్కు చిట్లించి, "నాన్నా, వెనిగర్ వాసన వస్తోంది" అంది. సీసపు గుళ్లు గుళ్లలా లేవు. తెల్లని పిండిలో పొర్లించినట్టు ఒక్కొక్కటీ ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, గట్టి అచ్చులా తయారయ్యాయి. ఒక మూల జిగురు ఎక్కువ నిలిచినట్టుంది, అక్కడ పిండి కూడా ఎక్కువ ఉంది. నేల ఆ మూలకే మెలితిరిగింది.

జరిగింది ఇది. పీవీఏ అంటే పాలీవినైల్ ఎసిటేట్, దాని నుంచి కొద్దికొద్దిగా ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. వెనిగర్ వాసన దానిదే. బయట గాలిలో అయితే ఎగిరిపోతుంది. మూసిన గదిలో సీసం పక్కన ఉంటే సీసాన్ని తినడం మొదలుపెడుతుంది, ముందు సీసపు ఎసిటేట్ అవుతుంది. అది తేమతో, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి సీసపు కార్బొనేటుగా మారి ఆమ్లాన్ని మళ్లీ వదిలేస్తుంది. ఆ ఆమ్లం ఇంకొంచెం సీసాన్ని తింటుంది. అందుకే కొంచెం ఆమ్లం ఉన్నా పని ఆగదు. తయారయ్యే తెల్ల పొడి అసలు సీసం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటు లేకపోతే గోడని తోస్తుంది.

ఇందులో కొత్తదనమేమీ లేదు. పాతకాలంలో తెల్ల రంగు తయారు చేసింది సరిగ్గా ఇలాగే: సీసపు చుట్టల్ని వెనిగర్ పోసిన కుండల్లో పెట్టి, పేడ మధ్యలో నెలల తరబడి పూడ్చిపెట్టేవారు. పేడ వేడినీ, కార్బన్ డయాక్సైడునీ ఇచ్చేది. మ్యూజియాల్లో ఓక్ చెక్క బీరువాల్లో పెట్టిన సీసపు వస్తువులకీ ఇదే తెల్ల తెగులు పట్టడం క్యూరేటర్లకి బాగా తెలిసిన సంగతి, ఆ చెక్క కూడా ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. నేను తెలియకుండా పెట్టె అడుగున ఒక చిన్న రంగుల కార్ఖానా పెట్టుకున్నాను.

ఇంకో దోషం కూడా బయటపడింది. పక్క గోడల రెండు షీట్లనీ అతికించేటప్పుడు సాల్వెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించి కలిపే ద్రవం) ధారాళంగా పోశాను. అది రెండు షీట్ల మధ్య చిక్కుకుని, బయటికి పోయే దారి లేక, ప్లాస్టిక్‌ని నెలల తరబడి మెత్తగా ఉంచుతుంది. మెత్తబడిన గోడ తోపుడుకి తొందరగా లొంగింది. సీసం ఒక్కటే అయితే ఇంత త్వరగా ఉబ్బేది కాదేమో.

ఆ పొడిని ఊదకూడదు, పొడిగా గీకకూడదు. సీసం విషం. గ్లవ్స్ వేసుకుని, నీళ్లు చల్లి తడిపి, తడి గుడ్డతో ఎత్తి, అంతా మూత బిగించిన సీసాలో పెట్టాను. అమ్మాయిని అక్కడినుంచి పంపించి బల్ల రెండుసార్లు తుడిచాను.

రెండోసారి కట్టడం

పైకప్పు, రెండు చివరి గోడలు దక్కాయి. పక్క గోడల్ని వేడి నీళ్లలో ముంచి రెండు అద్దాల మధ్య నొక్కి చూశాను, ఉబ్బు సగమే దిగింది. వాటిని వదులుకున్నాను. రివెట్లు మళ్లీ మొదటి నుంచి ఒత్తడం అంటే ఎంత నీరసం వచ్చిందో చెప్పలేను, మూడు రోజులు బల్ల దగ్గరికే వెళ్లలేదు. అయితే రెండోసారి ఒక్క పట్టీ కూడా పారేయాల్సి రాలేదు.

ఈసారి గోడ లోపలి షీటుకి రెండు సెంటీమీటర్లకి ఒకటి చొప్పున చిల్లులు వేశాకే అతికించాను, సాల్వెంట్ కూడా అంచుల్లో సన్న బ్రష్షుతో తాకించి వదిలాను. సందు దానంతట అదే లాక్కుంటుంది. వారం రోజులు బరువు కింద ఆరనిచ్చాను.

బరువు కోసం సీసం మానేసి 90×25×3 మి.మీ. ఇత్తడి పలక వేశాను, 57 గ్రాములు వచ్చింది. ఇనుప నట్లు చవకే, కానీ నా లేఅవుట్‌లో కప్లింగులు (పెట్టెల్ని ఒకదానికొకటి కలిపే కొక్కేలు) విడదీయడానికి ట్రాక్ కింద అయస్కాంతాలున్నాయి. ఇనుము ఉన్న పెట్టె వాటి మీద చిన్న కుదుపుతో ముందుకు దూకుతుంది. ఇత్తడిని ఎమరీ కాగితంతో గీరి రెండు భాగాల ఎపాక్సీతో అతికించాను, గోడలకి తగలకుండా ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్లు వదిలాను. సీసమే వాడి తీరాలంటే ఎపాక్సీతోనో, కాంటాక్ట్ అడ్హెసివ్‌తోనో అతికించి గాలి ఆడనివ్వాలి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా పనికిరాదు, అదీ ఎసిటిక్ ఆమ్లాన్నే వదులుతుంది. నేలకి అండర్‌ఫ్రేమ్ (అడుగు చట్రం) దూలాల మధ్య కనిపించకుండా 2 మి.మీ. చిల్లులు మూడు వేశాను.

ఎలాగూ విప్పాను కదా అని చక్రాల పద్ధతి కూడా మార్చాను. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఊగదు. అదే సూత్రం. ఒక ఇరుసుని నేలకి గట్టిగా అతికించి, రెండోదాన్ని పెట్టె పొడవునా మధ్యలో ఉన్న తీగ మీద తూగేలా పెట్టాలి. తూగే హద్దు అటూ ఇటూ అర మిల్లీమీటరు. అప్పుడు పెట్టె బరువు మూడు చోట్ల ఆనుతుంది, నాలుగు చక్రాలూ పట్టాని వదలవు. బోగీ పెట్టెలకైతే ఇది ఇంకా తేలిక: ఒక బోగీ స్క్రూని తిరగడానికి సరిపడా మాత్రమే వదిలి బిగించి, రెండో బోగీని అన్ని వైపులా కాస్త ఊగేలా వదులు చేస్తే చాలు.

అద్దం మీద కాగితం పట్టీ పరీక్ష మళ్లీ చేశాను. నాలుగు చక్రాల కిందా బిగుసుకుంది. ఒక చక్రం కింద మూడు మడతల కాగితం పెట్టి మిగతా మూడింటినీ చూశాను, అప్పుడూ బిగుసుకుంది. తూకం 83 గ్రాములు.

పాయింటు మీద యాభై సార్లు లాగి, యాభై సార్లు ఇంజిన్ ముందు పెట్టి తోశాను. తోసేటప్పుడే పెట్టె అసలు గుణం బయటపడుతుంది. ఒక్కసారి తప్పింది. గుండె జారింది కానీ కారణం వెంటనే దొరికింది: కప్లింగు కింద వేలాడే వంపు తీగ ఉండాల్సిన ఎత్తు కన్నా కిందకి ఉండి, పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్‌కి తగిలింది. ప్లయర్‌తో కొద్దిగా పైకి వంచాను. ఆ తర్వాత ఆ చోట తప్పలేదు.

తవ్విన చోట

పాయింటు చుట్టూ మిగిలిన గుంటని పూడ్చడం అనుకున్నంత తేలిక కాదు. అదే కంకర, అదే జిగురు వేసినా కొత్త అతుకు వేరే రంగులో కనిపించింది, జిగురు పాళ్లు కొంచెం తేడా వస్తే చాలు, ఆరాక ముదురుగా మారుతుంది. దాన్ని సరిపోల్చే ప్రయత్నం మానేసి, అతుకునే వాడుకున్నాను. ఈమధ్యే పాయింటు మరమ్మతు చేసినట్టు, పాత స్లీపర్లు రెండు తీసి పక్కన పడేసినట్టు చూపించాను. పెట్టె నిలబడే చోట ఇరుసు పెట్టెల కింద నాలుగు నల్లని ఆయిల్ మరకలు వేశాను.

తెల్ల జిగురునే మళ్లీ వాడాను. సీనరీలో దానికి గాలి తగులుతుంది, పక్కన సీసం లేదు. తప్పు జిగురుది కాదు, నేను దాన్ని పెట్టిన చోటుది.

గడ్డికి స్టాటిక్ గ్రాస్ యంత్రం. కొన్ని వేల వోల్టుల విద్యుత్ క్షేత్రంలో నైలాన్ పోగులు నిలబడి తడి జిగురులోకి దిగుతాయి. దాని క్లిప్పు తగిలించే మేకు తడి జిగురుని తాకి తీరాలి, ఫోమ్‌లోకి గుచ్చి ఊరుకుంటే విద్యుత్ దారి తెగిపోయి గడ్డి పడుకుంటుంది. ముందు 2 మి.మీ. పోగులు మట్టి కలిసిన ఆకుపచ్చ, ఆరాక అక్కడక్కడా 4 మి.మీ. ఎండు గడ్డి రంగు. ఒకే పొడవు, ఒకే రంగు వేస్తే కార్పెట్ అవుతుంది. మిగిలిన పోగుల్ని వాక్యూమ్ గొట్టానికి పాత సాక్సు కట్టి పీల్చేస్తే సగం తిరిగొస్తాయి.

మిగతా పెట్టెలు

అదే ఊపులో అదే పద్ధతిలో కట్టిన ఇంకో ఆరు పెట్టెలున్నాయి నా దగ్గర. ఒక్కటి తప్ప అన్నీ విప్పాను. రెండింట్లో తెల్ల పొడి మొదలైంది, గోడలింకా కదల్లేదు. బొగ్గు పెట్టె ఒకటి నూటికి నూరు పాళ్లు బాగుంది. దానిలో సీసపు రేకుని కాంటాక్ట్ అడ్హెసివ్‌తో అతికించాను, పైన బొగ్గు కప్పు ఊడదీసేలా వదులుగా పెట్టాను, గాలి ఆడుతూనే ఉంది. అది తెలివితో చేసింది కాదు, ఆ రోజు తెల్ల జిగురు సీసా ఖాళీ అయింది. మరో రెండింట్లో సీసమే లేదు, వాటికి ముందే ఇనుప పలకలు వేసినట్టు మర్చిపోయాను.

ఆరోది ట్యాంకు పెట్టె. గుండ్రని గొట్టంలో సీసం పోసి, జిగురు పోసి, రెండు వైపులా మూతలు అతికించి, సందులు పుట్టీతో పూడ్చి, రుద్ది, రంగు వేసింది. దాన్ని పగలగొట్టకుండా తెరవలేను. పైగా నేను కట్టిన వాటిలో అందంగా వచ్చింది అదే. అందుకని షెల్ఫ్ మీద పెట్టి, ప్రతి నెలా ఒకటో తారీఖున ఒకే చోట వెర్నియర్‌తో నడుము కొలుస్తున్నాను. పోయిన నెల 28.42 మి.మీ. ఈ నెల 28.44. నా వెర్నియర్ చూపించగల అతి చిన్న తేడాయే 0.02. రేజర్ రంపం ఇంకా డ్రాయర్‌లోనే ఉంది.